నలభై రోజుల ఉపవాసం, యాభై రోజుల పండుగ

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని ముత్యంపేట పేరు అందరికీ తెలియకపోవచ్చు గానీ కొండగట్టు తెలియనివాళ్లు ఉండరు. అంజన్న కొలువైన ఆ గుట్ట ముత్యంపేట పరిధిలోదే. చైత్ర పున్నమికి వచ్చే చిన్న జయంతికి మాలధారులు ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తారు, గుట్టకు వెళ్లే దారులన్నీ కాషాయమవుతాయి. 2023లో ఆ జయంతి ఏప్రిల్ 6న, గురువారం నాడు పడింది. అదే సాయంత్రం ఆర్‌సీఎం చర్చిల్లో గురువులు నడుముకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, విశ్వాసుల పాదాలు కడిగారు. క్యాథలిక్కులకు అది పవిత్ర గురువారం. 2026లోనూ రెండూ ఒకే గురువారం, ఏప్రిల్ 2. 2022లో ఒక్కరోజు తేడా, శనివారం జయంతి, తెల్లారితే ఈస్టర్.

ఇది కాకతాళీయం కాదు. రెండు పండుగలూ చంద్రుణ్ని చూసుకునే వస్తాయి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక పడే ఆదివారమే ఈస్టర్. అందరూ ఒకే ఆదివారం ఈ పండుగ చేసుకోవాలని క్రీ.శ. 325లో నికేయాలో కూడిన సభ తీర్మానించింది. అందుకే ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఆ పున్నమిని ఆకాశంలో చూసి నిర్ణయించరు, పట్టికల్లో లెక్క కడతారు. ఆ పట్టికలకు పునాది 19 ఏళ్ల చక్రం. మన పంచాంగకర్తలు దాదాపు ప్రతి 19 ఏళ్లకు ఏడు అధికమాసాలు కలిపి చంద్రుణ్ని సూర్యుడితో సరిపెడతారే, అదే గణితం. ఈస్టర్ పున్నమి ఎక్కువ ఏళ్లు మన చైత్ర పున్నమి అవుతుంది. త్వరగా వచ్చిన ఏడు ఫాల్గుణ పున్నమి, అంటే హోలీ పున్నమి. 2024లో మార్చి 25న హోలీ ఆడారు, 31న ఈస్టర్ వచ్చింది.

ఇంకొంచెం వెనక్కి లెక్కపెడితే సిరిసిల్ల జిల్లా వాళ్లకు బాగా దగ్గరైన సంగతి ఒకటి కనిపిస్తుంది. ఈస్టర్‌కు 46 రోజుల ముందు విభూది బుధవారం. నెలన్నర వెనక్కి పోతే పున్నమి కాస్తా అమావాస్య అవుతుంది కాబట్టి ఈ బుధవారం ఎప్పుడూ అమావాస్య చుట్టుపక్కలే ఉంటుంది. మహాశివరాత్రి అమావాస్యకు ముందటి రాత్రి. ఈస్టర్ చైత్ర పున్నమిని పట్టుకుని వచ్చిన ఏడు వేములవాడ రాజన్న జాతర ముగిసిన వారం పదిరోజుల్లోనే చర్చిల్లో నుదుట బూడిద పెడతారు. 2022లో మార్చి 1న శివరాత్రి, 2న విభూది బుధవారం. వేములవాడలో జాగారం చేసి విభూది పెట్టుకున్న మనిషికీ, మర్నాడు సాయంత్రం చర్చిలో బూడిద పెట్టించుకున్న మనిషికీ దేవుడి గురించిన నమ్మకాలు వేరు. మట్టిలో కలిసిపోయే దేహం ఇది అని ఏడాదికోసారి తలుచుకోవాలన్న తెలివిడి మాత్రం ఇద్దరిదీ.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు క్యాథలిక్కులు కొద్దిమందే. ఊళ్లలో చర్చి అంటే ఎక్కువగా సీఎస్ఐ, లేకపోతే పెంతెకోస్తు ప్రార్థన మందిరం. ఉత్తర తెలంగాణకు పెద్ద కేంద్రం వరంగల్ మేత్రాసనం. అది ఏర్పడింది 1952లో, దాని పెద్దగుడి కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత దేవాలయం. పక్కింట్లో ఆర్‌సీఎం వాళ్లు ఉన్నా వాళ్ల ఏడాది ఎలా నడుస్తుందో చాలామందికి తెలియదు. క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ అన్న మూడు సెలవులే తెలుసు. ఆ మూడు రోజుల వెనుక శతాబ్దాలుగా చెక్కుకుంటూ వచ్చిన పనితనం ఉంది. దాని కీలకం, నాకు అర్థమైనంతలో, ఆపిపెట్టడం. పాటను ఆపుతారు, గంటను ఆపుతారు, పూలను ఆపుతారు, చివరికి పూజనే ఆపుతారు. ఆపినదాన్ని సరైన ఘడియలో విడుదల చేస్తారు. పండుగకు బలం ఆ నిరీక్షణే ఇస్తుంది.

విభూది సంగతే చూద్దాం. ఆ బూడిద ఎక్కడినుంచో కొని తెచ్చేది కాదు. నిరుడు మట్టల ఆదివారం నాడు ఊరేగింపులో పట్టుకున్న మట్టలను చాలామంది ఇంట్లో సిలువ పటానికి చెక్కి ఉంచుకుంటారు. ఈతమట్టో కొబ్బరిమట్టో ఏడాదికి ఎండి గలగలలాడుతూ ఉంటుంది. తపస్కాలం దగ్గరపడగానే వాటిని గుడికి తెచ్చి ఇస్తారు, కాల్చి నలగ్గొట్టి జల్లెడ పడతారు. ఏ ఆకుతో రాజుకు జేజేలు కొట్టారో ఆ ఆకు బూడిదే నుదుటికి వస్తుంది. ఉపదేశం ఏదీ లేకుండానే చేతిలోని వస్తువు చెప్పాల్సింది చెబుతుంది. చర్చి సంవత్సరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లక్షణం ఇది.

ఆ రోజు నుంచి నలభై రోజులు తపస్కాలం. క్యాలెండర్‌లో లెక్కపెడితే 46 వస్తాయి, మధ్యలోని ఆరు ఆదివారాలను తీసేస్తారు. ఆదివారం ఎప్పుడూ పునరుత్థాన దినమే, దాన్ని ఉపవాసంలో కలపరు. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వాళ్లకు విభూది బుధవారం, గుడ్‌ఫ్రైడే తప్పనిసరి ఉపవాసం. మిగిలిన రోజులు ఎవరి శక్తి వారిది. మన దగ్గర చాలా ఇళ్లలో మాంసం మానేస్తారు, తాగేవాళ్లు తాగుడు మానేస్తారు. కొండగట్టు దీక్ష తెలిసిన నేల ఇది కాబట్టి ‘నలభై రోజుల నియమం’ అంటే ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం. పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి, మోకరించి, మళ్లీ నడుస్తారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు అది పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం. పొద్దంతా ఆ ఆవిరి దగ్గర నిలబడిన కాళ్లు సాయంత్రం సిలువ మార్గంలో మోకరిల్లడమంటే మాటలు కాదు.

తపస్కాలంలో అల్లెలూయ పాడరు. విభూది బుధవారం నుంచి పాస్కా (ఈస్టర్) రాత్రి దాకా ఆ ఒక్క మాట పూజలో ఎక్కడా వినిపించదు. కొన్ని మహోత్సవాలు తప్పిస్తే మహిమ గీతమూ ఉండదు. మధ్యయుగంలో ఫ్రాన్సులోని తూల్ పట్టణంలో చర్చి పిల్లలు ఒక మట్టిగడ్డను శవంలా మోసుకెళ్లి, ఏడుస్తూ, దానితోపాటు అల్లెలూయను పాతిపెట్టేవారట. కాస్త నాటకీయంగా అనిపించినా ఆ పిల్లలకు తమ చేతులతో పాతినదేమిటో జన్మంతా గుర్తుండి ఉంటుంది. నెలన్నర నోట పలకని మాటను ఒక అర్ధరాత్రి గొంతెత్తి మూడుసార్లు పాడినప్పుడు ఎలా ఉంటుందో ఊహించండి. రోజూ పాడేవాడికి ఆ రుచి తెలియదు.

పవిత్ర వారంలో ఈ ఆపివేత క్రమక్రమంగా బిగుసుకుంటుంది. గురువారం సాయంత్రం పూజలో మహిమ గీతం పాడుతుండగా గంటలన్నీ మోగిస్తారు. అవే ఆఖరు. ఆ తర్వాత శనివారం రాత్రి దాకా గుడిగంట మోగదు. చప్పుడు అవసరమైన చోట చెక్కలు కొడతారు. పూజ కాగానే దివ్యసత్ప్రసాదాన్ని పక్క పీఠానికి ఊరేగింపుగా తీసుకెళ్తారు, బలిపీఠం మీది గుడ్డ, కొవ్వొత్తులు, పూలు అన్నీ తీసేస్తారు. మందసం తలుపు బార్లా తెరిచి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. శుక్రవారం నాడు ప్రపంచంలో ఏ క్యాథలిక్ గుడిలోనూ దివ్యపూజ ఉండదు. గురువు వచ్చి ఖాళీ పీఠం ముందు నేలమీద బోర్లా పడుకుంటాడు. ఏడాదంతా అందరి ముందు నిలబడే మనిషి అలా సాష్టాంగపడితే గుడిలో పసిపిల్లలు కూడా చూపు తిప్పరు.

గురువారం నాటి పాదాల దగ్గర కొంచెం ఆగాలి. ఎవరి గడప దగ్గర ఎవరు చెప్పులు విప్పాలో, ఎవరి బావిలో ఎవరు చేదాలో కులమే శాసించిన పల్లెలు మనవి. తెలుగు క్యాథలిక్కుల్లో పెద్దభాగం దళితులు. కూలీ మనిషి పగుళ్లు తేలిన పాదాన్ని పూజారి రెండు చేతుల్లోకి తీసుకుని కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకోవడం ఈ నేలమీద చిన్న సంగతి కాదు. 2016 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ మగవాళ్ల పాదాలే కడగాలన్న నియమం మార్చాక స్త్రీల పాదాలు కూడా కడగవచ్చు. అయితే ఆ ఒక్క సాయంత్రంతో కులం కడుక్కుపోయిందని ఎవరూ అనుకోకూడదు. అదే ఏడు డిసెంబరులో భారత క్యాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ సంఘంలో ఇప్పటికీ కుల వివక్ష ఉందని బాహాటంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే. అంత ఆలస్యం ఎందుకైందన్న ప్రశ్నను ప్రతి పవిత్ర గురువారం ఆ నీళ్ల పళ్లెం మళ్లీ మన ముందు పెడుతుంది. ఏటేటా ఒకే కార్యాన్ని తిరిగి చేయడంలో ఉన్న మేలు ఇదే. చేసి చూపుతున్నదానికీ బతుకుతున్నదానికీ ఎంత దూరమో ఏడాదికోసారి కొలిచి చూసుకోక తప్పదు.

శనివారం పొద్దు పూర్తిగా గుంకాక పాస్కా జాగరణ. గుడిలో దీపాలన్నీ ఆర్పేసి ఉంటాయి. జనమంతా బయట ఆవరణలో కొత్తగా రాజేసిన నిప్పు చుట్టూ నిలబడతారు. గురువు చేతికి పొడుగాటి పాస్కా వత్తి అందిస్తారు. సన్నని మొనతో దాని మీద ముందు సిలువ గీస్తాడు, నిలువు గీత, అడ్డగీత. పైన గ్రీకు అక్షరమాలలోని మొదటి అక్షరం ఆల్ఫా, కింద చివరి అక్షరం ఒమేగా. సిలువకు నాలుగు మూలల్లో ఆ సంవత్సరం అంకెలు నాలుగు. ఆ పైన సిలువ మీద ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతాడు, ఐదు గాయాలకు గుర్తుగా. అప్పుడు కొత్త నిప్పుతో వత్తి వెలిగిస్తారు. ఒక్క వెలుగుతో చీకటి గుడిలోకి అడుగుపెట్టి, మూడుచోట్ల ఆగి క్రీస్తు జ్యోతిని కీర్తిస్తారు. ఒకరి వత్తి నుంచి ఒకరు అంటించుకుంటూ పోతుంటే వెనుక బెంచీల దాకా వెలుగు పాకుతుంది. తర్వాత ఆదికాండంతో మొదలుపెట్టి పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు. అవి కాగానే మహిమ గీతం, దానితోపాటు రెండు రోజులుగా మూగబోయిన గంటలన్నీ ఒక్కసారిగా. ఆ వెంట అల్లెలూయ. అప్పుడు జ్ఞానస్నాన జలాన్ని దీవిస్తారు, కొత్తవాళ్లు జ్ఞానస్నానం పొందేది ఆ రాత్రే.

ఆ వత్తి మీద అంకెలు చెక్కడం ప్రత్యేకంగా గమనించదగ్గది. రెండువేల ఏళ్ల కిందటి సంఘటన జ్ఞాపకం చేసుకుంటూ ఈ ఏటి అంకెలు వేస్తారు. ఈ కాలగణనలో గతం పాతబడదు, ఈ ఏటి కరువూ ఈ ఏటి పంటా ఈ ఏటి చావులూ ఆ వెలుగు కిందికి వస్తాయి.

ఈస్టర్ తర్వాత యాభై రోజులు పండుగే. నలభై రోజుల ఉపవాసానికి యాభై రోజుల పండుగ! ఉపవాసం కన్నా సంతోషాన్నే పొడుగు చేసిన పెద్దల మనసు అది. బాధాకరమైన సంగతేమిటంటే మన విచారణల్లో (పారిష్‌ల్లో) ఈ యాభై రోజులకు దిక్కులేదు. తపస్కాలంలో శుక్రవారం శుక్రవారం నిండిన గుడి ఈస్టర్ మర్నాటి నుంచి బోసిపోతుంది. ఎండ ఒక కారణం, ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. అసలు కారణం వేరే అనుకుంటాను. ఏడవడం మనకు నేర్పారు, ఉపవాసం నేర్పారు, యాభై రోజులపాటు సంతోషంగా ఉండటం ఎవరూ నేర్పలేదు. ఈ యాభై రోజుల్లోనే మోక్షారోహణం వస్తుంది, యాభయ్యో రోజు పెంతెకోస్తు పండుగ. ఆ ఆదివారం సాయంత్రంతో పాస్కా కాలం ముగుస్తుంది.

రంగుల లెక్క సిరిసిల్ల వాళ్లకు త్వరగా బోధపడుతుంది, మరమగ్గాల ఊరు కదా. గురువు పూజావస్త్రం చూసి ఏ కాలమో పోల్చుకోవచ్చు. క్రిస్మస్‌కు ముందటి ఆగమన కాలానికి, తపస్కాలానికి ఊదా. క్రిస్మస్, పాస్కా కాలాలకు తెలుపు. మట్టల ఆదివారం, గుడ్‌ఫ్రైడే, పెంతెకోస్తు, వేదసాక్షుల పండుగలకు ఎరుపు. ఊదా కాలాల్లో ఒక్కొక్క ఆదివారం మాత్రం గులాబీ రంగు కడతారు, దారి సగం దాటిందన్న ఊరడింపుకు. మిగిలిన 33 లేదా 34 వారాలు ఆకుపచ్చ, దాన్ని సామాన్య కాలం అంటారు. మధ్యధరా తీరంలో అల్లిన ఈ రంగుల వరుస మన రుతువులతో కలవాలన్న నియమమేమీ లేదు. అయినా పెంతెకోస్తు దాటాక పచ్చ వస్త్రం బయటికి తీసే వేళకు ఇక్కడ తొలకరి, ఆ వస్త్రం మడిచిపెట్టే వేళకు వరికోతలు. నారుమడి నుంచి కళ్లం దాకా బలిపీఠం దగ్గర అదే రంగు. తెలుపు మాత్రం మొదట్లో మనవాళ్లకు మింగుడుపడి ఉండదు. వైధవ్యంతో ముడిపెట్టిన రంగును పండుగ రంగుగా కళ్లకు అలవాటు చేసుకోవడానికి తరాలు పట్టి ఉంటుంది.

ఆదివారం పఠనాలకు మూడేళ్ల వరుస ఉంది. రెండవ వాటికన్ మహాసభ తర్వాత, 1969లో వచ్చిన సంస్కరణ ఇది. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహానును ముఖ్యంగా పాస్కా కాలానికి అట్టేపెట్టారు. ఏ ఏడు ఎవరిదో తెలుసుకోవడం తేలిక. సంవత్సరాన్ని మూడుతో భాగించి శేషం ఒకటి వస్తే మత్తయి, రెండు వస్తే మార్కు, శేషం లేకపోతే లూకా. జనవరి ఒకటితో కాదు, ఆగమన కాలంతో ఏడు మారుతుందని గుర్తుంచుకుంటే చాలు. అక్షరం రానివాళ్లు కూడా మూడేళ్లకోసారి సువార్తల్లో చాలాభాగం చెవితో చదివేస్తారు. ఆ మహాసభకు ముందు పూజ లాటిన్‌లో సాగేది, కాలాలు మారడం జనానికి రంగులను బట్టే తెలిసేది. 1969లోనే భారతదేశానికి పన్నెండు మార్పులు అనుమతించారు. హారతి, అంజలి, కింద కూర్చుని పూజ, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు అలా వచ్చినవే.

నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడే ఆదివారం చర్చికి కొత్త సంవత్సరాది. నాలుగు ఆదివారాల ఆగమన కాలం, మళ్లీ ఊదా, మళ్లీ మహిమ గీతం లేని పూజలు. ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం ఉంది. డిసెంబరు మొదటివారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. కేకు కోస్తారు, నక్షత్రం కడతారు, జననపు పాటలన్నీ పాడేస్తారు. పండుగ వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది, డిసెంబరు 26కు అంతా అయిపోయినట్టు నక్షత్రం దించేస్తారు. నిజానికి క్రిస్మస్ కాలం మొదలయ్యేదే 24 రాత్రి. ముగ్గురు రాజుల పండుగ దాటి, ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా నడుస్తుంది. కాన్పుకు ముందే బారసాల చేస్తే ఎలా? నాలుగు వారాలు నోరు కట్టుకోవడం ఈ పండుగలో భాగమని విచారణ గురువులు కాస్త గట్టిగా చెప్పాలి. ఆగమన కాలానికి సొంత పాటలున్నాయి, అవి ఎదురుచూపు పాటలు.

నవంబరు 2 మృతుల స్మరణ దినం. సమాధుల మీది గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, చీకటిపడ్డాక వత్తులు వెలిగిస్తారు. పెత్రామాసకు పెద్దలను తలుచుకునే ఊళ్లలో పక్కింటివాళ్లు ఈ రోజును అడక్కుండానే అర్థం చేసుకుంటారు.

జగిత్యాల, సిరిసిల్ల అంటే గల్ఫ్ గుర్తుకు రాక మానదు. ఇంటికొకరు దుబాయ్‌లోనో బహ్రెయిన్‌లోనో ఉన్న ఊళ్లివి. అక్కడ ఏళ్ల తరబడి వారపు సెలవు శుక్రవారం, ఆదివారం పనిరోజు. అందుకని గల్ఫ్ చర్చిల్లో ఆదివారపు పూజనే శుక్రవారం చేసే ఏర్పాటు చేశారు. 1967లో తెరిచిన దుబాయ్ సెయింట్ మేరీస్ చర్చిలో శుక్రవారాలు కాలు పెట్టే సందు ఉండేది కాదు. మలయాళం, కొంకణి, తగలోగ్ మాటల మధ్య మన తెలుగువాళ్లూ నిలబడేవారు. లేబర్ క్యాంపు నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి అది ఆదివారమే. క్యాలెండర్ మనిషి కోసం వంగుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2022 జనవరిలో యూఏఈ ప్రభుత్వం సెలవును శని, ఆదివారాలకు మార్చింది, శుక్రవారం సగం పూట పని. అప్పటినుంచి అక్కడి ఆదివారం, ఇక్కడి ఆదివారం మళ్లీ ఒకటయ్యాయి.

ఇలా వంగే గుణం చర్చి క్యాలెండర్‌లో మొదటినుంచీ ఉంది. మార్చి 25 దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ, క్రిస్మస్‌కు సరిగ్గా తొమ్మిది నెలల ముందు. పవిత్ర వారం వచ్చి దాని మీద పడితే ఆ పండుగే పక్కకు తప్పుకుంటుంది. 2024లో ఏప్రిల్ 8కి జరిగింది. ఏ పండుగకు ఏది దారి ఇవ్వాలో చెప్పే అంతస్తుల పట్టిక ఒకటి ఉంది, అందులో పాస్కా మూడు రోజులను మించింది లేదు.

ఈ పట్టిక తెలుగునాట గట్టిగా పరీక్షకు వచ్చేది ఫిబ్రవరిలో, బెజవాడ గుణదల దగ్గర. ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. 9, 10, 11 తేదీల్లో ఆ కొండకు తెలంగాణ నుంచి కూడా జనం తరలిపోతారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, మొక్కులు తీర్చుకుంటారు. ఈస్టర్ బాగా త్వరగా వచ్చే ఏడు విభూది బుధవారం ఈ మూడు రోజుల నడుమకే వచ్చి కూర్చుంటుంది. 2016లో అలాగే ఫిబ్రవరి 10న పడింది. 2027లో ఈస్టర్ మార్చి 28, కాబట్టి మళ్లీ ఫిబ్రవరి 10వ తేదీనే విభూది. తొమ్మిదిన తిరునాళ్ల తిండి, పదిన బూడిద, ఉపవాసం. పదకొండున తపస్కాలం మొదలైపోయినా మరియతల్లి పండుగ. ఆ ఏడు గుణదలకు ప్రయాణం కట్టే కోరుట్ల, సిరిసిల్ల కుటుంబాలు బుధవారం ఒంటిపూట భోజనానికి, మాంసం లేని కూరకు సిద్ధపడి మూట కట్టుకోవాలి.